దసరా సినిమా మన లైనుకు ఎట్లా వచ్చేది, ఈ ఏడు ఏమేమి వస్తా ఉంది



వినాయకుణ్ణి నీళ్ళలో కలిపినప్పటి నుంచి మన గ్రూపులో రెండు మాటలు నడుస్తా ఉన్నాయి. ఒకటి, ఈ దసరాకు, దీపావళికి చూడదగ్గ సినిమాలు ఏవి, టీవీలో ఏముంది, ఎవరన్నా ఒక లిస్టు వెయ్యండి అని. రెండోది, మన సంఘం దసరా సినిమా సాయంత్రాన్ని ఈ ఏటి నుంచి ఆపేద్దాము అని. అందరి చేతిలో ఫోను ఉంది కదా, తెరకు, కుర్చీలకు, సౌండుకు డబ్బు దేనికి అని కొందరు పిల్లోళ్ళు రాసినారు. దీని మీద వచ్చే ఆదివారం కమిటీ కూచుంటుంది.

లిస్టు కింద ఇస్తాను. కమిటీ కూచునే ముందు పండగ సినిమా మన దొడ్డబళ్ళాపుర, తొండేభావి, గౌరిబిదనూరు లైనుకు ఎట్లా వచ్చేదో, అది మనకు ఏం చేసిందో అందరూ ఒకసారి తెలుసుకుంటే మంచిదని ఇంత పొడుగు రాస్తా ఉన్నాను. ఓపిగ్గా చదవండి.

మొదట, ఈ సీజనే ఎందుకు? తెలుగు సినిమాకు పెద్ద పండగ సంక్రాంతి. కోస్తాలో వరి కోతలై, చేతిలో డబ్బు ఆడే కాలం అది. దసరా, దీపావళి లెక్క వేరే. బడులకు సెలవులు ఉంటాయి. మన మెట్ట పొలాల్లో శెనక్కాయ పీకే కాలం దగ్గర పడుతుంది. ఉద్యోగస్తులకు బోనసు వస్తుంది. రైల్వేలో ఉత్పాదకత బోనసు 1979-80 నుంచి మొదలయింది. దాన్ని దసరాకు ముందే ఇచ్చేది ఆనవాయితీ. ఆయుధపూజ రోజు పార్సిల్ ఆఫీసులో తూకం మిషన్‌కు, తోపుడు బండ్లకు పసుపు కుంకుమ పెట్టి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, బొరుగులు పంచుకుని ఇంటికి పోతే, ఇంట్లో వాళ్ళు అడిగే మొదటి మాట "ఏ సినిమాకు పోదాము?" అనే. తమిళనాడులో దీపావళికి కొత్తబట్ట ఎట్లనో కొత్త సినిమా అట్ల. మన బెంగళూరు పక్క ఈ రెండు అలవాట్లూ కలిసిపోయినాయి.

ఈ కథ మొదలయ్యిందే ఈ కాలంలో. 1931 అక్టోబరు 31న మద్రాసులో కినిమా సెంట్రల్ అనే హాల్లో 'కాళిదాస్' విడుదలయింది. దాన్ని మొదటి తమిళ టాకీ అంటారు. నేను చదివింది తమిళ మీడియం. బడిలో మాకు మొదటి తమిళ పేసుం పడం అనే చెప్పినారు. దాంట్లో తెలుగు మాటలు కూడా ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. హీరోయిన్ టి.పి.రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే, హీరో తెలుగులో జవాబు చెప్తాడు. త్యాగరాజ కీర్తనలు కూడా పెట్టినారు. డైరెక్టరు హెచ్.ఎం.రెడ్డి. ఆయన సినిమాలకు పోకముందు మన బెంగళూరులో పోలీసు ఉద్యోగం చేసిన మనిషి. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తీసింది కూడా ఆయనే. అది 1931 సెప్టెంబరు 15న వచ్చిందని చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. తర్వాత జర్నలిస్టు రెంటాల జయదేవ పాత పేపర్లు, రికార్డులు వెతికి, అది 1932 ఫిబ్రవరి 6న విడుదలయిందని తేల్చినారు.

కన్నడం సంగతి కూడా ఇక్కడే చెప్తాను. మొదటి కన్నడ టాకీ 'సతీ సులోచన' 1934లో వచ్చింది. దాని డైరెక్టరు వై.వి.రావు తెలుగాయన, యరగుడిపాటి వరదరావు. అంటే తమిళం, తెలుగు, కన్నడం మూడూ ఒకే వాకిట్లో ఆడుకున్న పిల్లలు. గోడలు తర్వాత వచ్చినాయి.

'కాళిదాస్' గురించి చెప్పే ఒక సంగతి రైల్వే మనిషిగా నాకు చాలా ఇష్టం. బొంబాయిలో తీసిన ఆ సినిమా రీళ్ళ పెట్టె రైల్లో మద్రాసు సెంట్రల్ స్టేషనుకు చేరినప్పుడు వేలమంది జనం వచ్చినారంట. వాల్‌టాక్స్ రోడ్డు మీద ఆ పెట్టెను ఊరేగింపుగా హాలు దాకా తీసుకుపోయినారు. దోవ పొడుగునా పూలు చల్లి, టెంకాయలు కొట్టి, ఊదొత్తులు వెలిగించినారు. లోపల ఎవరున్నారో, ఏ భాషలో మాట్లాడుతారో ఎవరూ చూడలేదు. వచ్చింది పెట్టె మాత్రమే. దానికే అంత పూజ.

ఆ పెట్టె గురించి ఈ కాలం పిల్లలకు కొంచెం వివరంగా చెప్పాలి. సినిమా ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, అంటే 4 కిలోమీటర్లు పైనే. దాన్ని 1000 అడుగుల చొప్పున రీళ్ళు చేస్తే 14 రీళ్ళు దాకా అవుతాయి. ఒక్కో రీలు 11 నిమిషాలు. ఈ రీళ్ళన్నిటినీ రేకు డబ్బాల్లో పెట్టి, డబ్బాలను ఇనుప పెట్టెలో సర్ది పంపించేవాళ్ళు. పాత కాలం నైట్రేట్ ఫిల్ము నిప్పు తగిలితే భగ్గుమనేది. అందుకే అంత భద్రం.

తెలుగు సినిమా ఆఫీసులు, స్టూడియోలు చానా ఏళ్ళు మద్రాసులోనే ఉన్నాయి. ప్రింట్లు కడిగేది కూడా అక్కడే, విజయా, జెమిని, ప్రసాద్ ల్యాబుల్లో. అక్కడినుంచి పెట్టె రాత్రి రైల్లో బెంగళూరుకు వచ్చేది. బెంగళూరు సిటీ స్టేషనుకు ఎదురుగా ఉండేది గాంధీనగరు. మైసూరు ఏరియా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులన్నీ ఆ వీధుల్లోనే. కెంపేగౌడ రోడ్డు చుట్టుపక్కల సాగర్, కపాలి, మెజెస్టిక్, నర్తకి, సంతోష్, త్రిభువన్ అన్నీ నడిచిపోయే దూరం. స్టేషను పక్కన ఆఫీసులు, ఆఫీసుల పక్కన థియేటర్లు. ఇది ఊరికే కుదిరింది కాదు. పెట్టె రైలు దిగాల, రైలు ఎక్కాల. స్టేషనుకు దూరంగా ఉంటే వ్యాపారం సాగదు.

బెంగళూరులో ఆట అయినంక ఆ పెట్టె జిల్లాలకు వచ్చేది. పార్సిల్ ఆఫీసులో తూకం వేసి, వేబిల్లు రాసి, లేబులు అంటించి, గార్డు బ్రేక్ వ్యానులో ఎక్కిస్తాము. చిన్న స్టేషనులో బండి నిలిచేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో పెట్టె దించాల. దాంతోపాటు ఒక్కోసారి రెప్రజెంటేటివ్ వచ్చేవాడు. టికెట్లు లెక్క చూసి డిస్ట్రిబ్యూటరు వాటా తీసుకునేది ఆయన పని. పెట్టె కోసం థియేటరు మనిషి సైకిలు వేసుకుని ప్లాట్‌ఫారం మీద ముందే నిలబడేవాడు. "పెట్టె వచ్చిందా?" అని ఊరు ఊరంతా అడిగేది. బండి లేటయితే మధ్యాహ్నం ఆట లేటు. అదే మా ఉద్యోగానికి ఉన్న విలువ అని మాకు నవ్వు వచ్చేది.

ఆ లెక్కన దసరా సినిమా మనకు దసరాకు వచ్చేది కాదు. పెద్ద ఊర్లలో ఆడి, జిల్లా కేంద్రంలో ఆడి, తర్వాత మన టెంట్లకు వచ్చేసరికి సంక్రాంతి అన్నా అయ్యేది, శివరాత్రి అన్నా అయ్యేది. అప్పటికి రీళ్ళ మీద గీతలు పడి, తెర మీద వాన కురిసేది. పాట సగంలో తెగేది. గాంధీ క్లాసులో ఈలలు మాత్రం కొత్త సినిమాకు వేసినట్లే వేసేవాళ్ళు.

ఇంకొక చిక్కు ఉంది. సినిమా హక్కులు ఏరియాల లెక్కన అమ్ముతారు. ఆంధ్ర, నైజాం, సీడెడ్, మైసూరు. 1800లో నిజాం నవాబు బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు సీమలను కంపెనీ వాళ్ళకు వదిలిపెట్టినాడు. ఆ మాట 'సీడెడ్' అని సినిమా వ్యాపారంలో ఈరోజుకీ నిలిచిపోయింది. హిందూపురం సీడెడ్ కింద, గౌరిబిదనూరు మైసూరు కింద. రైలు లైను ఒకటే, మాట్లాడే భాష ఒకటే, పెట్టెలు వేరే. హిందూపురంలో సినిమా పడిందని తెలిస్తే, మన గౌరిబిదనూరు దాకా అది వచ్చేంత వరకు ఆగలేక ప్యాసింజరు ఎక్కి పోయేవాళ్ళు ఎంతమందో. సినిమా టికెట్టు కంటే ముందు రైలు టికెట్టు కొన్న ప్రేక్షకులు మన లైనువాళ్ళు.

ఇంక ఈ కాలంలో వచ్చిన కొన్ని సినిమాలు చూద్దాము.

1963 అక్టోబరు 11న 'నర్తనశాల' వచ్చింది. దసరా అయిపోయి దీపావళి రాబోయే వారాల్లో. కమలాకర కామేశ్వరరావు డైరెక్టరు. విరాటపర్వం కథ. పాండవులు జమ్మి చెట్టు మీద ఆయుధాలు దాచిపెట్టే కథ మన పండగ కథే. మన ఊర్లలో విజయదశమికి ఆ చెట్టును కొందరు జమ్మి అంటారు, కొందరు బన్ని అంటారు, ఆకు మాత్రం ఒకటే. కీచకుడు వేసిన ఎస్.వి.రంగారావుకు జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడు అని బహుమతి వచ్చింది.

1971 సెప్టెంబరు 24న, నవరాత్రుల్లో, 'ప్రేమ్‌నగర్'. కోడూరి కౌసల్యాదేవి నవల, కె.ఎస్.ప్రకాశరావు డైరెక్షను, రామానాయుడు నిర్మాత, అక్కినేని, వాణిశ్రీ. అదే డైరెక్టరు దాన్నే తమిళంలో 'వసంత మాళిగై' అని తీస్తే, 1972 సెప్టెంబరు 29న శివాజీ గణేశన్‌తో వచ్చింది. వాణిశ్రీ రెండిట్లోనూ ఉంది. మా నాయన రైల్వే ఉద్యోగం, జోలార్‌పేటలో క్వార్టర్సు. నేను మొదట చూసింది తమిళందే. తెలుగుది ఎన్నో నెలల తర్వాత సెకండ్ రన్‌లో వచ్చింది. కథ ముందే తెలుసు కాబట్టి నా చూపంతా పోస్టరు మీద అక్షరాల మీద ఉండేది. ఇంట్లో తెలుగు మాట్లాడుతాము, బడిలో తెలుగు అక్షరం లేదు. 'ప్రేమ' అనే మాటలో 'ప' కింద ఉన్న ఆ చుట్టు ఏమిటని మా అమ్మను అడిగితే, అది రావొత్తు అని చెప్పింది. తమిళంలో వొత్తులు లేవు. నాకు తెలుగు అక్షరాలు సగం పోస్టర్ల మీద, సగం 'చందమామ'లో వచ్చినాయి. ఈ పోస్టులు మీకు ఈరోజు రాస్తా ఉన్నానంటే అదే చదువు.

1981 అక్టోబరు 7న, విజయదశమికి ముందు రోజు, ఎన్.టి.రామారావు 'కొండవీటి సింహం'. ఆరు నెలలు కాకముందే, 1982 మార్చి 29న ఆయన పార్టీ పెట్టినారు. 1983 అక్టోబరు 28న, దీపావళి ముందర, 'ఖైదీ'. చిరంజీవి ఆ సినిమాతోనే చిరంజీవి అయినాడు. 1989 అక్టోబరు 5న, మళ్ళీ నవరాత్రుల్లో, రామ్‌గోపాల్ వర్మ 'శివ'. సైకిలు చైను లాగే సీను చూసి మన హైస్కూలు పిల్లోళ్ళు ఎన్ని సైకిళ్ళు పాడుచేసినారో సైకిలు షాపుల వాళ్ళను అడగాల.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ సినిమాలు మనకు భాష మోసుకొచ్చినాయి.

మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పక్క తెలుగు చెవి భాష. ఇంట్లో, పొలంలో, సంతలో తెలుగు. బడిలో, ఆఫీసులో, బస్సు బోర్డు మీద కన్నడం. కైవారం తాతయ్య తత్వాలు తెలుగువి, వాటిని మన పెద్దవాళ్ళు చాలామంది చదివింది కన్నడ లిపిలో. దీంట్లో తప్పు లేదు. అన్నం పెట్టిన రాష్ట్రం, చదువు చెప్పిన భాష, దాన్ని మనం ఎప్పుడూ తక్కువ చెయ్యలేదు. కానీ బడిలో లేని భాషకు చెవి ఒక్కటే ఆధారం. పెద్దవాళ్ళ మాట, భజన, హరికథ, తోలుబొమ్మలాట, తర్వాత సినిమా. హరికథ, తోలుబొమ్మలు తగ్గిపోయినంక నిండు వాక్యాల తెలుగు, పద్యం తెలుగు, నవ్వించే తెలుగు మన పిల్లల చెవిలో పడింది సినిమా హాల్లోనే.

దీనికి ఒక విచిత్రమైన కారణం కూడా ఉంది. 1960ల్లో కన్నడ చిత్రరంగం నిలదొక్కుకోవాలని అ.న.కృ., మ.రామమూర్తి లాంటి పెద్దలు ఉద్యమం చేసినారు. డాక్టర్ రాజ్‌కుమార్ అండగా నిలిచినారు. పరభాషా సినిమాలను కన్నడంలోకి డబ్ చెయ్యకూడదు అనేది అలవాటు అయిపోయింది. చట్టం ఏమీ లేదు, కట్టుబాటు. దాంతో తెలుగు సినిమా కర్ణాటకలో ఆడాలంటే తెలుగులోనే ఆడాల. కన్నడం కోసం పెట్టిన కట్టుబాటు మన తెలుగును కూడా కాపాడింది. ఎవరూ అట్లా అనుకుని చేసింది కాదు.

గొడవలు లేకపోలేదు. 2004లో పరభాషా సినిమాలు ఏడు వారాలు ఆగి విడుదల కావాలని కన్నడ చిత్రరంగం పట్టుబట్టింది. పాత పెట్టె కాలం మళ్ళీ వచ్చినట్లయింది. 2015లో కాంపిటీషన్ కమిషను, డబ్బింగును అడ్డుకునేది తప్పని తీర్పు చెప్పింది. 2017లో 'బాహుబలి 2' ముందర, సత్యరాజ్ ఎప్పుడో కావేరి విషయంలో మాట్లాడిన మాటల మీద గొడవ లేస్తే, ఆయన విచారం చెప్పినంక సినిమా వచ్చింది. ఇట్లాంటప్పుడు ఎక్కువ భయపడేది సరిహద్దులో ఉన్న మనమే. రెండు పక్కలా మనవాళ్ళే కదా.

2019 అక్టోబరు 2న 'సైరా నరసింహారెడ్డి' వచ్చింది. 1847లో కంపెనీ వాళ్ళు ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ. మన పక్కసీమ కథ. దాన్ని తెలుగుతోపాటు అదే రోజు కన్నడంలోకీ డబ్ చేసి వదిలినారు. అప్పటినుంచి పెద్ద తెలుగు సినిమాలు కన్నడంలో కూడా వస్తా ఉన్నాయి. మంచిదే. కన్నడం వాళ్ళు చూస్తారు. కానీ మన ఇండ్లలో ఒక కొత్త ప్రశ్న పుట్టింది. టికెట్టు బుక్ చేసేటప్పుడు పిల్లోడు "ఏ భాషలో తీసుకోవాలి నాయనా?" అని అడుగుతా ఉన్నాడు. మా కాలంలో ఈ ప్రశ్నే లేదు.

టీవీ సంగతి. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలయింది. అది మనకు అందేది కాదు. 1981లో బెంగళూరు కేంద్రం వచ్చింది, దాంట్లో కన్నడం. మనకు ఇంట్లో కూచుని తెలుగు చూసే భాగ్యం 1995లో వచ్చింది. ఆ ఏడు ఫిబ్రవరిలో జెమిని, ఆగస్టు 27న ఈటీవీ. కేబుల్ వైరు రాష్ట్ర సరిహద్దు చూడదు. మన ఆడవాళ్ళకు సీడెడ్, మైసూరు అనే గోడ మొదట కూలింది టీవీలోనే. దసరాకు కొత్త సినిమా టీవీలో వేస్తే వీధిలో అందరూ ఒకరి ఇంట్లో కూచునేవాళ్ళు.

తర్వాత పెట్టె పోయింది. 2005 తర్వాత సినిమా శాటిలైటు మీద, హార్డ్ డిస్కుల్లో రావడం మొదలయింది. కొన్నేళ్ళలో పార్సిల్ ఆఫీసుల్లో ఫిల్ము పెట్టె కనపడకుండా పోయింది. హైదరాబాదులో పొద్దున ఆట, గౌరిబిదనూరులోనూ పొద్దున ఆట. 2013లో 'అత్తారింటికి దారేది' ఉద్యమాల మధ్యలో ఆగస్టు నుంచి వాయిదా పడింది. సెప్టెంబరులో సగం సినిమా దొంగతనంగా బయటికి వచ్చేసింది. అక్టోబరు 9 అనుకున్న విడుదలను ముందుకు జరిపి సెప్టెంబరు 27న వదిలినారు. అయినా జనం థియేటర్లకే పోయి చూసినారు. 2020లో కరోనాకు హాళ్ళు మూసినప్పుడు 'వి' సెప్టెంబరు 5న, 'నిశ్శబ్దం' అక్టోబరు 2న నేరుగా ఓటీటీలో వచ్చినాయి. దసరా సినిమా మంచం మీద పడుకుని చూసిన మొదటి ఏడు అది.

మనం చివర్లో ఉండేవాళ్ళం కదా, ఇప్పుడు ఎక్కడున్నామో చూడండి. 2022 మార్చి 19న 'ఆర్ఆర్ఆర్' ప్రీ-రిలీజ్ సభ పెట్టింది మన చిక్కబళ్ళాపురంలో. అప్పటి ముఖ్యమంత్రి బసవరాజ బొమ్మై, శివరాజ్‌కుమార్ వచ్చినారు. ఏ ఊరికి పెట్టె కడసారిగా వచ్చేదో ఆ సీమకే సినిమా వాళ్ళు ముందు వచ్చినారు. అదే ఏడు దసరాకు తిరుగు ప్రయాణం కూడా జరిగింది. కన్నడ 'కాంతార' సెప్టెంబరు 30న వచ్చి, తెలుగులో అక్టోబరు 15న వచ్చింది. మధ్యలో 15 రోజులు. మనవాళ్ళు కన్నడంలో ముందే చూసి, తెలుగు వచ్చినంక చుట్టాలను తీసుకుపోయి మళ్ళీ చూసినారు. రెండు భాషలు తెలిసిన లాభం అది.

ఇదిగో ఈ 2025 లిస్టు. ఇప్పటిదాకా ప్రకటించిన తేదీలు ఇవి. సినిమా వాళ్ళ తేదీలు రైలు టైంటేబుల్ కాదు, మారితే నన్ను అనవద్దు.

సెప్టెంబరు 12, ఈ శుక్రవారమే, 'మిరాయ్'. తేజ సజ్జా హీరో, మంచు మనోజ్ విలను. పురాణం కలిపిన సాహసం. పిల్లలున్న ఇండ్లవాళ్ళు దీన్ని చూసుకోవచ్చు.

సెప్టెంబరు 25, నవరాత్రుల్లో, పవన్ కల్యాణ్ 'ఓజీ'. సుజీత్ డైరెక్టరు, బొంబాయి గ్యాంగుల కథ. ఒక రాష్ట్రానికి ఉపముఖ్యమంత్రిగా ఉన్నాయన సినిమా పండక్కు రావడం మామూలు సంగతి కాదు. కత్తులు, నెత్తురు ఎక్కువ ఉండేటట్లుంది. చిన్నపిల్లల్ని తీసుకుపోయే ముందు సెన్సారు సర్టిఫికెట్ చూసుకోండి. అదే రోజుకు అనుకున్న బాలకృష్ణ 'అఖండ 2' వెనక్కి పోయింది, కాబట్టి దాని కోసం సెలవు పెట్టుకోవద్దు.

అక్టోబరు 2, సరిగ్గా విజయదశమి రోజు, రిషబ్ శెట్టి 'కాంతార చాప్టర్ 1'. కదంబుల కాలం కథ అంటున్నారు. ఈసారి కన్నడం, తెలుగు ఒకే రోజు. నేను అన్నిటికంటే ఎక్కువ ఎదురుచూసేది దీని కోసం. నా మట్టుకు నేను దీన్ని కన్నడంలోనే చూస్తాను. ఆ నేల మాట ఆ భాషలోనే వినాల.

అక్టోబరు 31, 'బాహుబలి ది ఎపిక్'. రెండు భాగాలూ కలిపి ఒకే సినిమా చేసి, మొదటి భాగం వచ్చిన పదేళ్ళకు మళ్ళీ వదులుతా ఉన్నారు. అప్పుడు చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళకు ఇది పెద్ద తెర మీద మొదటిసారి. దీన్ని తెలుగులోనే చూపించండి అని నా మనవి.

టీవీలో బిగ్‌బాస్ తొమ్మిదో సీజను మొన్న ఆదివారం 7న స్టార్ మాలో మొదలయింది, నాగార్జునే. ఇష్టం ఉన్నవాళ్ళు చూడండి, లేనివాళ్ళు రిమోటు దాచిపెట్టుకోండి.

టికెట్టు 200 రూపాయలకు మించకూడదని 2025 మార్చి బడ్జెట్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. బుక్ చేసేటప్పుడు రేటు ఒకసారి చూసుకోండి. మన గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపుర పక్క మామూలు హాళ్ళలో చూస్తే అది కూడా అక్కరలేదు.

ఇప్పుడు కమిటీ ముందున్న మాట. పిల్లోళ్ళు చెప్పింది పూర్తిగా నిజం. అందరి చేతిలో తెర ఉంది. పెట్టె కోసం ఎవరూ ప్లాట్‌ఫారం మీద నిలబడాల్సిన పని లేదు. సినిమా చూపించేదే మన ఉద్దేశం అయితే ఆ సాయంత్రం అక్కరలేదు, నేనే ముందు చెయ్యి ఎత్తుతాను.

కానీ ఫోనులో ఒక్కరే చూస్తారు. భాష మార్చే బటను పక్కనే ఉంటుంది. బడిలో కన్నడం, ఇంగ్లీషు చదివే పిల్లోడు తనకు తేలికైన భాష నొక్కుతాడు. వాణ్ణి తప్పు పట్టలేము. అర్థంకాని మాట వస్తే పక్కన అడగడానికి ఎవరూ లేరు. 'రావొత్తు' అని చెప్పే అమ్మ పక్కన ఉండాల. హాల్లో, టెంటులో, వీధి టీవీ ముందర అవ్వ పక్కన మనవరాలు కూచునేది. పద్యం వస్తే అవ్వ కలిసి పాడేది. అదే మన తెలుగు బడి. దానికి ఫీజు లేదు, మాస్టరు లేడు, సర్టిఫికెట్ లేదు. ఏడాదికి ఒక్క సాయంత్రమన్నా ఆ బడి నడపాల.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. కమిటీ దీన్ని రాసుకోవాలని కోరుతాను.

ఒకటి, దసరా సినిమా సాయంత్రం మానవద్దు. ఖర్చు తగ్గిద్దాము. కుర్చీలు వద్దు, జంపఖానాలు పరుద్దాము. తెర, సౌండు ఒక్కటే బాడిగ. ఫోనులో దొరికిన దొంగ కాపీ మాత్రం వద్దే వద్దు. హక్కులు ఉన్నవాళ్ళ దగ్గర అనుమతి తీసుకుని వేద్దాము. అనుమతి కోసం రాయాల్సిన ఉత్తరాలు నేను రాస్తాను, ఆ పని నలభై ఏళ్ళు చేసినాను.

రెండు, ఈ ఏటికి 'నర్తనశాల' అడుగుదాము. జమ్మి కథ, పండగ కథ. పెద్దవాళ్ళకు పద్యాలు వచ్చు, పిల్లలకు బృహన్నల కొత్త. అది దొరక్కపోతే అట్లాంటి పాత తెలుగు సినిమా ఇంకొకటి.

మూడు, కొత్త సినిమాలు రెండిటికి కలిసి పోదాము. 'కాంతార' కన్నడంలో, 'బాహుబలి' తెలుగులో. ఒక భాషకు ఒకటి. ఎన్ని టికెట్లు కావాలో, ఎవరెవరు వస్తారో ఈ పోస్టు కిందనే రాయండి. అవ్వాతాతలను తీసుకొచ్చేవాళ్ళు ప్రత్యేకంగా రాయండి, వాళ్ళకు చివరి వరస సీట్లు, ఆటో కూడా చూస్తాము.

ఆదివారం 11 గంటలకు కమిటీ. వద్దనేవాళ్ళు కూడా తప్పకుండా రండి, ఎందుకు వద్దో అందరి ముందర చెప్పండి. అందరికీ దసరా శుభాకాంక్షలు ముందుగానే.